పదిహేనుకు పదిహేను

దయ్యాలు, గాలి సోకడం, పూనకాలు. వీటిలో దేన్నీ నేను నమ్మను. ఇది చదివినవాళ్ళు నన్ను అవి నమ్మేవాళ్ళ జాబితాలో వేస్తారని తెలుసు కాబట్టి ముందే చెప్తున్నాను. పెళ్ళికి ముందూ తర్వాతా కలిపి పదహారేళ్ళు గొర్ల వెంట తిరిగాను. శవాలు పూడ్చే బొందలగడ్డల పక్కన మంద వేసి పడుకున్నాం. నక్కలు వచ్చాయి, ఒకసారి దొంగలు వచ్చారు. ఇంకెవరూ రాలేదు.

నాకు అక్షరాలు నలభై ఆరేళ్ళకు వచ్చాయి. మహిళా సంఘంలో వేలిముద్ర వేయడానికి సిగ్గుపడి మొదలుపెట్టాను. సంతకంతో ఆపుదామనుకున్నాను గానీ ఆగలేదు. ఇప్పుడు నెమ్మదిగానైనా ఏదైనా చదువుతాను, రాస్తాను. మా అమ్మాయి మంజుల తాను రాసిపెడతానంది. వద్దన్నాను. అది రాస్తే బాగుంటుంది, కానీ జరిగినట్టు ఉండదు.

చదవడం వచ్చాక నేను మొదట చదివిన కాగితం మా రేషన్ కార్డు. అందులో ఇంటి యజమాని పేరు సైదులు అని ఉంది. మా ఆయన పేరు సైదులు కాదు.

ఆయన పేరు మల్లయ్య. ఇది రాయడానికి కూడా చెయ్యి కొంచెంసేపు ఆగింది. మా ఇళ్ళలో ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు. పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందంటారు. నేను దయ్యాలను నమ్మను గానీ ఇది మాత్రం ముప్ఫై ఒక్క సంవత్సరాలు పాటించాను. నమ్మకం అనను, అలవాటు అనండి.

సైదులు ఆయన అన్న. నేను ఈ ఇంటికి రాకముందే, పదిహేడేళ్ళ వయసులో పిడుగు పడి పోయాడు. ఇంట్లో బడికి వెళ్ళింది సైదులు ఒక్కడే. తమ్ముణ్ణి గొర్ల వెంట పంపారు. తర్వాత ఈయనకు లారీ నడపడానికి లైసెన్సు కావలసి వచ్చింది. బడి సర్టిఫికెట్ అడిగారు. మా మామ పెట్టెలోంచి పెద్దకొడుకు సర్టిఫికెట్ తీసి చిన్నకొడుకు చేతిలో పెట్టాడు. పోయినవాడికి అక్కర్లేదు, ఉన్నవాడికి పనికొస్తుంది అనుకున్నాడేమో. అక్కడినుంచి లైసెన్సు, ఓటు, ఆధార్ అన్నీ సైదులు పేరు మీదే. కాగితాల మీద ఆయన వయసు ఏడేళ్ళు ఎక్కువ. మిర్యాలగూడలో ఆయన లారీ నడిపే రైస్ మిల్లులో అందరూ సైదులన్నా అనే పిలుస్తారు.

మా ఊరు కోదాడ దగ్గర అనంతగిరి వైపు. ఆయన వారానికోసారి మిల్లు నుంచి బండి మీద ఇంటికి వస్తాడు. అలా వస్తుంటే ఒక మధ్యాహ్నం హుజూర్‌నగర్ దాటాక రోడ్డుకు అడ్డంగా బర్రె వచ్చింది. తప్పించబోయి పడ్డాడు. హెల్మెట్ బండికే తగిలించి ఉంది. ఎవరో ఆటోలో కోదాడ తీసుకుపోయారు. అక్కడ తలకు కుట్లు వేసి, స్పృహ సరిగా లేదు, సూర్యాపేట తీసుకుపోండి అన్నారు. నేనూ మంజులా కోదాడలో అంబులెన్స్ ఎక్కాము. దారంతా ఆయన ఏదో మూలుగుతూనే ఉన్నాడు, మాట మాత్రం లేదు.

సూర్యాపేట దవాఖానలో స్కానింగ్ తీశారు. లోపల ఎడమ పక్కన కొద్దిగా రక్తం ఉంది, ఇప్పుడే ఆపరేషన్ అక్కర్లేదు, కనిపెట్టి చూద్దాం అన్నారు. ఆ కనిపెట్టడమే నేను చెప్పబోయేది.

గంటకోసారి సిస్టర్ వస్తుంది. మంచం పక్కన నిలబడి "సైదులు గారూ, సైదులు గారూ" అని పిలుస్తుంది. కళ్ళు తెరుస్తాడా అని చూస్తుంది. పలకకపోతే గట్టిగా పిలుస్తుంది. అప్పటికీ పలకకపోతే గోరు మీద పెన్ను పెట్టి నొక్కుతుంది. తర్వాత మాట. నీ పేరేంటి, ఎక్కడున్నావు, ఇది ఏ నెల. తర్వాత చెయ్యి. నా వేళ్ళు పట్టుకో, వదిలెయ్. కళ్ళకు నాలుగు, మాటకు అయిదు, కాళ్ళూచేతులకు ఆరు. అన్నీ కలిపి పదిహేను. అన్నీ కాగితం మీద గడుల్లో రాస్తుంది.

నేను అంకెలు చదవగలనని తెలిశాక ఆ సిస్టరే నాకు ఇదంతా చెప్పింది. పేరు కవిత, కోదాడ అమ్మాయి. ఏ మాత్రం కదలిక లేనివాడికి ఎంత వేస్తారని అడిగాను. ఒక్కొక్కదానికి ఒకటి, మొత్తం మూడు అంది. సున్నా ఉండదట.

మొదటి సాయంత్రం తొమ్మిది. మర్నాడు పొద్దున పదకొండు. సాయంత్రానికి పదమూడు. నేను ప్రతి గంటా ఆ కాగితం మీదికి వంగి చూసేదాన్ని. పక్క మంచం దగ్గర దామరచర్ల నుంచి వచ్చిన ఒకామె ఉండేది. ఆమె కొడుకు అక్కడి కరెంటు ప్లాంటు పనిలో పైనుంచి పడ్డాడు. అంత బాధలోనూ ఆమెకు నోరు ఊరుకోదు.

"ఏందక్కా, రిజల్ట్స్ వచ్చినట్టు సూస్తున్నవ్? మావోడు పదోతరగతిల గిన్ని మార్కులు తెచ్చుకుంటే గా ప్లాంట్ల ఎందుకు పడుతుండె?"

ఇద్దరం నవ్వాము. ఆస్పత్రిలో నవ్వితే తర్వాత ఎక్కువ అలసట వస్తుంది.

మూడో రోజు పొద్దున కవిత నవ్వుతూ కాగితం నాకు చూపించింది. నాలుగు, అయిదు, ఆరు. పదిహేను. పేరు అడిగితే సైదులు అన్నాడు. ఎక్కడున్నావంటే దవాఖానల అన్నాడు. నెల సరిగ్గా చెప్పాడు. వేళ్ళు పట్టుకోమంటే పట్టుకున్నాడు. పెద్ద డాక్టరు వచ్చి కాగితం చూసి, రేపు మామూలు వార్డుకు మార్చండి అని వెళ్ళిపోయాడు. పిల్లలు బడికి పోవాలని మంజుల ఇంటికి బయలుదేరింది. అంతా సంతోషపడ్డారు.

నాకు మాత్రం సంతోషం రాలేదు. నిద్ర లేక అలా ఉందేమో అనుకున్నాను. మూడు రోజులుగా నేను గోడకు ఆనుకుని కూర్చున్నది తప్ప వెన్ను వాల్చలేదు.

ఎందుకు రాలేదో చెప్తాను. ఆ పొద్దున నీళ్ళ గ్లాసు ఇస్తే ఆయన ఎడమ చేతితో అందుకున్నాడు. కుడి చేతికి సూది గుచ్చి, చెక్క కట్టి సెలైన్ ఎక్కిస్తున్నారు కదా, అందుకే అనుకున్నాను. తర్వాత తడిగుడ్డతో ఒళ్ళు తుడవబోయాను. ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. దుప్పటి గుండెల దాకా లాక్కుని ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. మళ్ళీ తుడవబోతే, "నువ్వొద్దమ్మా. ఆ సిస్టర్ను రమ్మను" అన్నాడు.

ముప్ఫై ఒక్క సంవత్సరాల్లో ఆయన నన్ను ఒక్కసారి కూడా అమ్మా అనలేదు. ఏయ్ అంటాడు. కోపమొస్తే యాదమ్మా అని పూర్తి పేరు పెడతాడు. మర్యాదగా అమ్మా అని, ముఖం చూడకుండా మాట్లాడేది మా దగ్గర ఒక్కరే. మొగుడి అన్న. తమ్ముడి భార్య ఎదురుగా బావ మంచం మీద పడుకోడు, ఆమె చెయ్యి తనకు తగలనివ్వడు. ఆమె కూడా పైట నిండుగా కప్పుకుని పక్కకు తొలగుతుంది. నాకు తెలియకుండానే నా చెయ్యి పైట సర్దుకుంది. సర్దుకున్నాక, ఇదేంటి నేనిట్లా చేశాను అనుకున్నాను.

పన్నెండు దాటింది. బయట మండే ఎండ. కవిత అప్పుడే పన్నెండు గంటల అంకెలు వేసి వెళ్ళింది. అప్పుడూ పదిహేనే. పక్క మంచం ఆమె కొడుకును స్కానింగ్‌కు తీసుకుపోయారు. గదిలో మేమిద్దరమే.

ఆయన గోడవైపే చూస్తూ మాట్లాడాడు. గొంతు ఆయనదే. మాటలు నెమ్మదిగా, స్పష్టంగా ఉన్నాయి. మొదట ఒంటిచెవి గొర్రె ఈనిందా అని అడిగాడు. మాకు గొర్లు లేక పద్నాలుగేళ్ళు అయింది.  తర్వాత ఇలా అన్నాడు.

"పొద్దుందాక అందరు నన్నే పిలుస్తుండ్రు. వాన్ని ఎవ్వలు పిలుస్తలేరు. వాడు చానా దూరం పోతుండు. జర వాన్ని పిలువమ్మా."

ఎవరిని అని నేను అడగలేదు. అడగాల్సిన పని లేకపోయింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

నేను కూర్చున్నచోటే లెక్కపెట్టుకున్నాను. మూడు రోజులుగా గంటకోసారి సిస్టర్లు పిలిచింది సైదులును. చూడటానికి వచ్చిన మిల్లువాళ్ళు పిలిచింది సైదులన్నను. మంజుల నాన్నా అంటుంది. నేను ఏమయ్యా అంటాను. ఆయన్ను మల్లిగా అని పిలిచే మనిషి ఈ లోకంలో ఒక్క ఆయన మేనత్తే మిగిలింది. ఆమె నడుము విరిగి ఊళ్ళో మంచంలో ఉంది. అంటే ఆయన పడ్డప్పటినుంచి ఆయన పేరు ఒక్కరి నోటి నుంచీ రాలేదు.

లేచి కవిత దగ్గరికి వెళ్ళాను. ఈయన ఈయనలా లేడు, డాక్టరును పిలవండి అన్నాను. ఆ అమ్మాయి విసుక్కోలేదు. అలసిపోయిన నవ్వు నవ్వింది.

"అన్నీ కరెక్ట్‌గా చెప్తున్నారు కదమ్మా. పేరు కూడా చెప్పారు. మీరు కాసేపు పడుకోండి."

ఇక్కడ నేను ఆగిపోయాను. ఆ పేరు ఆయనది కాదని చెప్పాలంటే అన్నీ బయటపడాలి. ఆయన నడిపే లారీ లైసెన్సు పోయినవాడి పేరు మీద ఉంది. ఇప్పుడు మమ్మల్ని ఇక్కడ డబ్బు లేకుండా పెట్టుకున్నది కూడా ఆ పేరున్న రేషన్ కార్డు మీదే. పోలీసులు వస్తారేమో, ఉద్యోగం పోతుందేమో, మంచం ఖాళీ చేయమంటారేమో. అక్షరం రాని రోజుల్లో అయితే నాకేం తెలుసని ఊరుకునేదాన్ని. కాగితం ఎంత బలమైనదో తెలిశాక భయం ఎక్కువైంది.

ఆ భయంలో ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. చివరికి చెప్పేశాను.

"బిడ్డా, ఆ పేరు ఆయనది గాదు. అది సచ్చిపోయిన మా బావ పేరు."

కవిత ముఖంలో నవ్వు పోయింది. నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగకుండా డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేసింది. ఆయన చిన్న వయసువాడు. వచ్చీ రాగానే సెలైన్ ఆపించి కుడి చేతి చెక్క విప్పించాడు. రెండు చేతులూ ముందుకు చాపమన్నాడు. ఎడమ చెయ్యి నిలబడింది. కుడి చెయ్యి నెమ్మదిగా కిందికి జారిపోయింది. మూడు రోజులుగా చెక్క కట్టి ఉందని ఆ చేతిని ఎవరూ ఎత్తమనలేదు. వేళ్ళు పట్టుకోమంటే ఎడమ చేతితో పట్టుకున్నాడు. అంకెలు వేసేటప్పుడు బాగున్న చేతినే లెక్కలోకి తీసుకుంటారట, అందుకని ఆరు వేశారు.

డాక్టరు ఆయన చెవి దగ్గర వంగి పేరు అడిగాడు. ఈసారి కళ్ళు మూతపడ్డాయి, జవాబు రాలేదు. గోరు నొక్కితే మూలిగాడు. కవిత కొత్త గడిలో ఎనిమిది వేసింది. పదిహేను నుంచి ఎనిమిదికి గంట కూడా పట్టలేదు.

మళ్ళీ స్కానింగ్ తీస్తే రక్తం గడ్డ మొదటిదానికంటే చాలా పెద్దదైంది. ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశారు. ఇంకొంత ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదన్నారు. కార్డు గురించి ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. ఆ భయమంతా ఉత్తదే అయింది.

ఆపరేషన్ అయ్యాక మూడు రోజులు ఆయన కళ్ళు తెరవలేదు. రెండు రోజులు మత్తు మందే అన్నారు. మూడో రోజు మత్తు ఆపేశారు, అయినా తెరవలేదు. నోట్లో గొట్టం ఉంది కాబట్టి మాట గడి ఖాళీ. కళ్ళ గడిలో ఒకటి, ఒకటి, ఒకటి. నన్ను రోజుకు రెండుసార్లు లోపలికి రానిచ్చేవారు. నేను ఆ ఒకట్లను చూసి వచ్చి బయట మెట్ల మీద కూర్చునేదాన్ని. ఏడుపు కూడా రాలేదు. ఏడవడానికి కూడా కొంచెం ఓపిక కావాలి.

కవిత ఆ కాగితం పైన సైదులు అన్నచోట పక్కనే పెన్సిల్‌తో మల్లయ్య అని రాసుకుంది. సిస్టర్లు రెండు పేర్లతోనూ పిలిచి చూశారు. ఆయన పలకలేదు. మూడో రోజు మధ్యాహ్నం కవిత నా భుజం పట్టుకుని మంచం దగ్గర నిలబెట్టింది. ఇంటివాళ్ళ గొంతుకు పలుకుతారమ్మా, మీరు పిలవండి అంది.

ఏమయ్యా అన్నాను. ఇగో అన్నాను. నేను వచ్చిన అన్నాను.

"పేరు పెట్టి పిలవండి."

నావల్ల కాలేదు. పెళ్ళైన కొత్తలో వదినలు గడప దగ్గర ఆపి, మొగుడి పేరు చెప్తేనే లోపలికి రానిస్తామన్నారు. నేను చెప్పక పొద్దుగూకేదాకా వాకిట్లో నిలబడ్డాను. అప్పుడు నవ్వులాట. ఇప్పుడు, అసలే సగం పోయిన మనిషి, మిగిలిన ఆయుష్షు నా నోటితో తగ్గిస్తానా అనిపించింది. నమ్మనిదాన్ని అని మొదట్లో రాశాను. రాసినంత సులువు కాదు.

అప్పుడు ఆ మధ్యాహ్నం మాట గుర్తొచ్చింది. జర వాన్ని పిలువమ్మా. అలా అడిగినది ఎవరైనా కానీ, అడిగినది నన్ను.

"మల్లయ్యా" అన్నాను. గొంతు నాకే వినిపించలేదు. మళ్ళీ అన్నాను. మూడోసారి, దూరంగా పోయే మందను మళ్ళించడానికి పిలిచినట్టు గట్టిగా పిలిచాను. పక్క గదిలోంచి ఎవరో తొంగిచూశారు.

ఆయన రెప్పలు కదిలాయి. కళ్ళు తెరిచాడు. నన్ను చూశాడు. ముఖం తిప్పుకోలేదు.

కవిత కళ్ళ గడిలో మూడు వేసింది. పిలిస్తే తెరిచినవాడికి మూడు. చెయ్యి అడ్డం పెట్టుకుని రాసింది, ఎందుకంటే తనూ ఏడుస్తోంది.

ఆయన ఇంటికి వచ్చి ఏడాది దాటింది. కుడి చెయ్యి ఇంకా కొంచెం బరువుగా ఉంటుంది, అయినా అన్నం ఆ చేత్తోనే తింటాడు. లారీ మానేశాడు. ఆపరేషన్‌కు ముందు మూడు రోజుల సంగతి ఆయనకు ఏమీ గుర్తు లేదు. అన్న సంగతి నేనే చెప్పాను. తర్వాత ఒకరోజు నన్ను ఏడిపించాడు.

"నా పేరు పెట్టి పిలిచినవంట గద. ఏది, ఇంకోపారి పిలువు సూద్దాం."

"మల్ల పడ్డప్పుడు పిలుస్త" అన్నాను.

ఊళ్ళో ఆయన మేనత్త దగ్గర కూర్చుని, బావ ఎట్లా ఉండేవాడని అడిగాను. సైదులు ఎడమచేతివాటం అంది. అన్నం కూడా ఆ చేత్తోనే తింటానంటే మా మామ కొట్టేవాడట. పిడుగు పడ్డరోజు చెవి తెగిన గొర్రె ఒకటి ఈనడానికి వెనకబడింది. దాని కోసమే తిరిగిపోయాడు. నేనెందుకు అడుగుతున్నానో చెప్పకముందే ఆమె ఇదంతా చెప్పింది.

డాక్టర్లను కూడా అడిగాను. ఓపికగా చెప్పారు. కుడి చెయ్యి బలం తగ్గింది కాబట్టి ఎడమ చెయ్యి వాడాడు. దెబ్బ తగిలినప్పుడు పాత జ్ఞాపకాలు పైకి వస్తాయి. గొర్రె సంగతి పదేళ్ళ పిల్లాడిగా విన్నదే. ఎన్నో ఏళ్ళుగా ఆఫీసుల్లో చెప్పిన పేరే చెప్పాడు. అన్నీ సరైనవే. నేను దేనికీ ఎదురు చెప్పను.

కానీ ఆపరేషన్ చేసిన డాక్టరు ఇంకొక మాట అన్నాడు. ఎడమ పక్కన అంత రక్తం ఉన్నవాడికి మొదట పోయేది మాటే. పన్నెండు గంటలకు ఆయన అంత స్పష్టంగా ఎలా మాట్లాడాడో నాకు అర్థం కాలేదమ్మా అన్నాడు.

డిశ్చార్జి రోజు ఆ కాగితం జిరాక్సు అడిగి తెచ్చుకున్నాను. రేషన్ కార్డుతో పాటు పెట్టెలో ఉంది. అప్పుడప్పుడు తీసి చదువుతాను. పైన పేరు సైదులు. మూడో రోజు, పన్నెండు గంటలు. కళ్ళు నాలుగు, మాట అయిదు, కాళ్ళూచేతులు ఆరు. కవిత అబద్ధం రాసే పిల్ల కాదు. ఆ గంటకు ఆ పేరుతో పిలిస్తే ఒక మనిషి పూర్తి స్పృహతో పలికాడు. మా ఆయనేమో, డాక్టర్ల లెక్క ప్రకారం, అప్పటికే మునిగిపోతున్నాడు.

ఆ పదిహేను ఎవరివో నాకు ఇప్పటికీ తెలియదు.